మకోకి అడిగిన నేల

బుమకండా కొండ
జనవరి ఆఖరు

మకోకీ బ్వాయో,

కాఫీ లారీ మ్బాలేకి బయల్దేరుతోంది. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు, కాబట్టి క్షేమసమాచారాలు నువ్వే ఊహించుకో. అందరం బాగున్నాం. మా ఆవిడ ఖైంజాకి నడుంనొప్పి ఉందిగానీ, అది నన్ను చూసినప్పుడే ఎక్కువవుతుంది.

అసలు కబురు చెప్తాను. మా అబ్బాయి మబోంగా ఈ ఏడు ఇంబాలులో సున్తీ కత్తికి నిలబడతానన్నాడు. "ఇంకో రెండేళ్ళాగరా, మీసమైనా రానీ" అన్నాను. "నువ్వు కత్తికి నిలబడ్డప్పుడు నీకు మీసముందా నాన్నా?" అని అడిగాడు. ఆగస్టులో మా వాకిట్లోనే నిలబడతాడు. మనిద్దరం ఒకే కత్తికి పక్కపక్కన నిలబడి మకోకీలమైన వాకిలి అదే. ఆ పొద్దున నువ్వు కళ్ళార్పావని నేనిప్పటికీ అంటాను, నువ్విప్పటికీ కాదంటావు. మనం చచ్చేదాకా ఇది తేలదు.

కత్తి దాటినవాడు తండ్రి కప్పు కింద పడుకోడు కదా. వాడికంటూ నేల చూపించాలి, ఇల్లు వేయించాలి. చదునైన నేలంతా మా అన్నలకే సరిపోయింది. నాకు మిగిలింది మా ఇంటి కింది వాలు. మేక కూడా నాలుగుసార్లు ఆలోచించి దిగే చోటు అది. అందుకని కొండలోకి తవ్వి, ఆ మట్టిని కిందికి తోసి, చదును చేస్తున్నాను. ఇప్పటికి ఒక మంచం పట్టేంత వచ్చింది. ఆగస్టు నాటికి ఇల్లు పట్టేంత వస్తుంది.

నువ్వు రావాలి. పని ఉందనకు. నీ పనేంటో నాకు తెలుసు.

కులోబా


కంపాలా
ఫిబ్రవరి

మకోకీ,

మబోంగా కబురు చదివి పొంగిపోయాను, ఆ ఒక్క పేరా వరకే. తర్వాతి పేరాకి వచ్చేసరికి కుర్చీలోంచి లేచాను.

ఆ తవ్వకం ఆపు. ఇది చదివేటప్పుడు చేతిలో గునపం ఉంటే కింద పెట్టు.

నేను యూనివర్సిటీలో ఏం చేస్తానో చెప్పిన ప్రతిసారీ నువ్వు నవ్వావు. ఇంకోసారి చెప్తాను, ఇంకోసారి నవ్వుకో. నా గదిలో పొడుగాటి చెక్క తొట్టి ఉంది, దానికి ఒక పక్క అద్దం. అందులో రాగులు పోస్తాను. ఒక్కోసారి చిక్కుడు గింజలు, ఒక్కోసారి రెండూ కలిపి. ఒక చివర మర తిప్పుతూ తొట్టిని మెల్లగా పైకి లేపుతాను. గింజలు కదలవు. ఇంకా లేపుతాను, అప్పుడూ కదలవు. ఒకచోట ఉన్నట్టుండి పైపొర జారిపోతుంది. ఇంతవరకూ పిల్లలకీ తెలుసు. కానీ ఒకసారి జారాక, ఏ వాలు మీద అంతసేపు నిలబడ్డాయో ఆ వాలు మీద ఆగవు. దానికంటే బాగా తక్కువ వాలుకి దిగాకే ఆగుతాయి. అంటే మొదలయ్యే వాలు వేరు, ఆగే వాలు వేరు. ఆ రెండిటికీ మధ్య ఉన్న కుప్ప ముట్టుకోకపోతే ఏళ్ళ తరబడి నిలబడుతుంది. కదిలితే మాత్రం చెప్పినా వినదు. మన కొండ ఉన్నది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఇంకోటి విను. తొట్టి కింది చివర చిన్న రేకుముక్క అడ్డం పెట్టి, గింజలు కుదురుకున్నాక దాన్ని లాగేస్తాను. ముందు కింది గింజలు పోతాయి. తర్వాత వాటి మీద ఆనుకున్నవి, ఆ తర్వాత వాటి పైవి. కింద మొదలైన జారుడు పైదాకా పాకుతుంది. నువ్వు తవ్వుతున్నది ఆ రేకుముక్కని. దాని పైన ఉన్నది నీ వాకిలి, నీ వంటిల్లు, ఖైంజా.

వాడికి ఇల్లు వద్దనడం లేదు. ఇంకెక్కడైనా చూడు.

బ్వాయో


బుమకండా కొండ
మార్చి

గింజల డాక్టరు గారికి,

నీ ఉత్తరాన్ని రాగుల కల్లు కుండ దగ్గర చదివి వినిపించాను. అందరూ కల్లు పీల్చే గొట్టాలు నోట్లోంచి తీసి మరీ నవ్వారు. మా పక్కింటి వమింబి అయితే దగ్గుతూ పక్కకి ఒరిగిపోయాడు. "ఇంతకీ ఆ గింజల్ని చివరికి వండుకుంటాడా, పారేస్తాడా?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను. జవాబు రాయి.

ఒరే, కొండంటే రాగుల కుప్పా? దీనికి వేళ్ళున్నాయి, బంకమట్టి ఉంది, మా తాతముత్తాతల ఎముకలున్నాయి. నీ తొట్టిలో ఎవరి తాతైనా ఉన్నాడా? తొలివానలు పడి వెళ్ళాయి. నేను కొట్టిన గట్టు నిటారుగా నిలబడే ఉంది, చెంపలా నున్నగా. చెయ్యి వేసి చూశాను, ఒక్క బెడ్డ రాలలేదు.

సరే, నీ మాటే నిజమనుకుందాం. ఎప్పుడు పడుతుందో చెప్పు. రోజు అక్కర్లేదు, నెల చెప్పు చాలు. ఆ నెలంతా మా అత్తారింట్లో తిని పడుకుంటాను, మా మామకి కూడా నేనంటే ఎంత ఇష్టమో తెలిసొస్తుంది. నువ్వు చెప్పలేవు. ఏదో ఒకరోజు పోతామని మా నాయనమ్మ కూడా చెప్పేది. దానికి ఏ యూనివర్సిటీవాళ్ళూ జీతమివ్వలేదు.

ఇంకెక్కడైనా చూడమన్నావు. చూపించు. కంపాలాలో కూర్చుని చెప్పడం తేలిక. ఇక్కడ పాదం పెట్టుకునేంత నేల కోసం అన్నదమ్ములు మాటలు మానేస్తున్నారు. మగాడు కాబోతున్న కొడుక్కి "నీకు చోటు లేదురా" అని ఏ మొహంతో చెప్పను?

అన్నట్టు, వమింబి కొడుకు ఖిసా కూడా మావాడితో పాటే అదే పొద్దున నిలబడుతున్నాడు. ఇద్దరూ అప్పుడే మకోకీలైపోయినట్టు ఒకే అంగీ మార్చి మార్చి తొడుక్కుంటున్నారు. నా గట్టు వానకి నిలబడటం చూసి వమింబి కూడా తన ఇంటి కింద తవ్వడం మొదలుపెట్టాడు. నా గునపమే అరువిచ్చాను.

కులోబా


కంపాలా
ఏప్రిల్

కులోబా,

గింజల్ని వండుకోం. ఎలుకలు తింటాయి. వమింబికి చెప్పు.

నీ గట్టు నిలబడిందని రాశావు, నాకు ఒళ్ళు మండింది. ఎండు ఇసుకతో పిల్లలు గోడ కట్టగలరా? లేదు. ఏట్లో మునిగిన ఇసుకతో? అదీ లేదు. కొంచెం తడిసిన ఇసుకతోనే కడతారు. ఆ కాస్త తడీ రేణువునీ రేణువునీ పట్టి ఉంచుతుంది. నీళ్ళు సందులన్నీ నింపేశాక పట్టి ఉంచేదేమీ మిగలదు, ఒకదాన్నొకటి వదిలేస్తాయి. తొలివానలు నీ గట్టుని పరీక్షించలేదు, అతికించాయి. ముసురు పట్టి మట్టి కడుపునిండా తాగినప్పుడు చూడాలి. బంకమట్టి ఉందని గొప్పగా చెప్పుకోకు, అది నీళ్ళని పోనివ్వదు.

తేదీ అడిగావు. చెప్పలేను. ఒకే తొట్టి, అవే రాగులు, అదే వాలు. నిన్న నిలబడ్డాయి, ఇవాళ వరండాలో ఎవరో తలుపు గట్టిగా వేస్తే పోయాయి. అది ఏ రేణువు దగ్గర మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. ఏదో ఒక రేణువు దగ్గర మొదలవుతుందని మాత్రం నేను చెప్పగలను. నా పదేళ్ళ చదువు ఇంతే. నీకు నవ్వొస్తుంది, నాకు నిద్ర పట్టదు.

పోయిన వారం మ్బాలేలో ఒక ఆఫీసుకి వెళ్ళాను. బుమకండా వాలు మీద కొట్టిన మెట్ల గురించి రాసి పట్టుకెళ్ళాను. పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం లోపలికి పిలిచారు. ఆయన చదివి ఏమడిగాడో తెలుసా? "ఏ తేదీకి డాక్టర్ గారూ?" తేదీ లేకపోతే లారీలు ఎలా పంపిస్తానన్నాడు. నా కాయితాల మీద టీ ఫ్లాస్కు పెట్టాడు. నువ్వూ ఆయనా కలిసి ఒక ఆఫీసు పెట్టుకోండి, మీ ప్రశ్న ఒకటే.

ఈస్టరుకి వస్తున్నాను. నా కళ్ళతో చూస్తాను.

బ్వాయో


బుమకండా కొండ
మే

బ్వాయో,

వచ్చావు, చూశావు, పోయావు. నా పరువు కూడా పట్టుకుపోయావు.

దారానికి రాయి కట్టుకుని నా ఇంటి చుట్టూ తిరిగావు, ఏమీ అనలేదు. వాలు కొలిచావు, ఏమీ అనలేదు. కానీ మా మామ, బావమరుదులు ఇంబాలు మాట్లాడుకోడానికి వచ్చి వాకిట్లో కూర్చున్నప్పుడు, నువ్వు వంటింటి వెనక్కి వెళ్ళి, బూటుకాలితో బూడిద పక్కకి తోసి, నేలలో బీటని అందరికీ చూపించావు. "ఈ ఇల్లు నిలవదు" అన్నావు. ఇంబాలు ఏడు, ఇల్లు నిలవదన్న మాట! మా మామ తాగుతున్న గొట్టం కింద పెట్టేశాడు. మావాడి మొహం చూశావా? నువ్వు చూసి ఉండవు, కొలుస్తున్నావు.

అవును, బీట ఉంది. మార్చి నుంచీ ఉంది. ఖైంజా పొయ్యి బూడిద పోసి పూడుస్తోంది. నీకు రాయలేదు. రాస్తే ఏం చేసేవాడివో చేసి చూపించావుగా.

పోయేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, కొండ వీపు మీద ఉన్న మీ నాన్న నేల మబోంగాకి ఇస్తానన్నావు. మంచి మనసుతోనే అన్నావని తెలుసు. కానీ నువ్వు మనవాళ్ళ పద్ధతి మర్చిపోయావురా. వాడు నిలబడే ముందు ఒంటికి మా వంశం మట్టి పూసుకుంటాడు, మీ వంశం మట్టి కాదు. మీ నేలలో ఇల్లు వేసుకుంటే మనిషి కాడు, అద్దెకున్నవాడవుతాడు. రేపు వాడి కొడుకు ఏ వాకిట్లో నిలబడాలి?

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ ఖైంజా బూడిద పోయడం మానేసింది. "కావాలంటే నువ్వే పోసుకో" అంది. పిల్లల పక్కలు ముందు గదిలోకి మార్చింది. నా ఇంట్లో నా మాట కంటే నీ దారం బరువెక్కువైపోయింది.

చదును పని దాదాపు అయిపోయింది. వచ్చే నెల గుంజలు పాతుతాను. దీని గురించి ఇక రాయకు.

కులోబా


కంపాలా
జూలై

మకోకీ,

ఈ ఉత్తరం రాసి చింపి, మళ్ళీ రాసి చింపి, చివరికి ఇది పంపుతున్నాను. మీ మామ ముందు అలా అనకుండా ఉండాల్సింది. మాట తప్పు కాదు, అన్నచోటు తప్పు.

ఇక వాదించను. నాకు చేతకాదని తేలిపోయింది. పాఠం చెప్పాను, నవ్వావు. బతిమాలాను, విసుక్కున్నావు. ఆఫీసు చుట్టూ తిరిగాను, ఇప్పుడు నన్ను చూస్తే గుమాస్తా లేచి టీకి వెళ్ళిపోతున్నాడు. మనూరి పెద్దలకి రాశాను, జవాబు లేదు. గదిలో కూర్చుని అద్దంలోంచి రాగులు జారడం చూస్తూ, జారిన ప్రతిసారీ మీ వాకిలే చూస్తున్నాను. చెప్పడం తప్ప ఏమీ చేయలేనివాడికి ఈ చదువెందుకు? తొట్టిని తన్నాను కూడా. కాలు వాచింది.

ఇప్పుడు నేను రాసేది పాఠం కాదు. మకోకి మకోకిని జన్మలో ఒక్కసారి ఒక పెద్ద కోరిక అడగొచ్చు. అడిగాక లేదనడానికి లేదు, ఎందుకని అడగడానికి లేదు. మీ నాన్నగారి మకోకి పాడి ఆవుని దూడతో సహా అడిగి తోలుకుపోతే, మీ అమ్మ ఏడ్చింది, ఆయన మాత్రం మారుమాట్లాడలేదు. మనమప్పుడు చిన్నపిల్లలం, కంచె దగ్గర నిలబడి చూశాం. నేను నిన్ను ఇంతవరకూ అడగలేదు. పెళ్ళికి ఇబ్బందైనప్పుడూ అడగలేదు, నా కూతురు ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మీ ఇంటి కింద నువ్వు చదును చేసిన నేల, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, నాకివ్వు.

ఇచ్చాక అది నాది, కాబట్టి నా నేల మీద ఏం జరగాలో నేను చెప్తాను. గుంజలు పీకేయ్. గట్టు మొదట్లో ఏటి నుంచి తెచ్చిన పెద్ద రాళ్ళు పేర్చు, సందులుండేలా, నీళ్ళు బయటికి పోయేలా. దాని వెనక తవ్విన మట్టి తిరిగి నింపు.

బ్వాయో


బుమకండా కొండ
జూలై ఆఖరు

బ్వాయో గారికి,

మీరు అడిగిన నేల ఇచ్చాను. పెద్దలు ముగ్గురు వచ్చి చూశారు. సరిహద్దు మొక్కలు నేనే నాటాను.

మీరు చెప్పినట్టే మీ నేలలో రాళ్ళు పేరుస్తున్నాను. జనవరి నుంచి దించిన మట్టిని ఇప్పుడు తట్టలతో పైకి ఎక్కిస్తున్నాను. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసి, ఏమీ అనకుండా పోతున్నారు. అంటేనే బాగుండేది. వమింబి తన కొడుకు ఇంటికి పచ్చిగడ్డి కప్పుతున్నాడు. వాడి ఇంటి వాసన మా వాకిట్లోకి వస్తోంది.

మబోంగాకి ఏం చెప్పానో మీకనవసరం. కత్తి దాటాక వాడు మా అన్న కొడుకు ఇంట్లో ఒక మూల పడుకుంటాడు. ఈ కొండ మీద అలా పడుకున్న మొదటి మగాడు వాడే అవుతాడు.

ఇంబాలుకి రండి. రావద్దనే హక్కు నాకు లేదు. నా పక్కన నిలబడకండి.

కులోబా


కంపాలా
సెప్టెంబరు

మకోకీ,

వచ్చాను. జనం వెనక, కాఫీ చెట్ల దగ్గర నిలబడ్డాను. నువ్వు చూశావు, చూడనట్టు తల తిప్పుకున్నావు.

మబోంగా కళ్ళార్పలేదు. కాలి బొటనవేలైనా కదపలేదు. పక్కన ఖిసా కూడా అంతే, పైగా నవ్వుతున్నాడు. ఒంటి మీద మట్టి ఆరి పగిలి, ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారు. డప్పులు మొదలయ్యాక అంతమంది ఎగురుతుంటే నేను ఆ ఆనందంలో లేను. వాకిలి వైపే చూస్తున్నాను, ఎవడి కాలు కింద ఏ రేణువు కదులుతుందా అని. నా బతుకు ఇలా తయారైంది.

తర్వాత మీవాడి చేతిలో ఏదో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీకు మీ నేల చాలలేదా పెదనాన్నా?" అన్నాడు. నువ్వు వాడికి కారణం చెప్పలేదని అప్పుడు అర్థమైంది. అది నీ ఇష్టం, నేను అడగను.

ఒక్కోరోజు నాకే అనుమానం వస్తోంది. ఆ వాలు ఇంకో యాభై ఏళ్ళు నిలబడొచ్చు. అప్పుడు నేను ఏమిటి? ఏమీ జరగని దానికోసం కుర్రాడి ఇల్లు లాక్కున్నవాణ్ణి. జరిగితే బాగుండునని అనుకుంటున్నానేమోనని భయమేసి, తొట్టి మీద గుడ్డ కప్పేసి ఇంటికొచ్చేస్తున్నాను.

ఒక్కమాట, ఇది మాత్రం చదువు. రాగులూ చిక్కుళ్ళూ కలిపి జారిస్తే పెద్ద గింజలు పైకి తేలి అందరికంటే ముందు పరిగెడతాయి. కొండ కూడా అంతే, ముందు రాళ్ళు వస్తాయి. రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే కిందికి పరిగెత్తొద్దు, పక్కకి పరిగెత్తండి. వమింబికి కూడా చెప్పు. వాడి ఇల్లు ఖాళీ చేయించగలవేమో చూడు. నా మాట వాడెందుకు వింటాడు?

బ్వాయో


బుమకండా కొండ
నవంబరు

మకోకీ,

వమింబి గట్టు పోయింది.

వారం పైగా ముసురు. ఎక్కడ కాలు పెట్టినా నీళ్ళు ఊరుతున్నాయి. మంగళవారం పొద్దెక్కాక వమింబి, వాడి ఆవిడ సంతకి దిగారు. ఖిసా తన కొత్తింటి గుమ్మంలో కూర్చుని మొక్కజొన్న కంకి కాలుస్తున్నాడు. మా మబోంగా ఇక్కడి నుంచి కేకేసి, నాకూ ఒకటి ఉంచరా అన్నాడు. ఆ కేక వేసిన నోరు మూయకముందే రాళ్ళు దొర్లాయి. నువ్వు రాసినట్టే రాళ్ళే ముందు వచ్చాయి. ఖిసా లేచి కిందికి పరిగెత్తాడు. వాడి వెనకే గట్టు, దాని వెనక వాలు, దాని వెనక వమింబి ఇంట్లో సగం. అంతా కలిసి అరటితోట దాకా పోయి ఆగింది. చప్పుడు ఆగిపోయాక కూడా చిన్న చిన్న బెడ్డలు చాలాసేపు దొర్లుతూనే ఉన్నాయి.

మబోంగా పారతో తవ్వాడు, పార విరిగితే చేతులతో తవ్వాడు. మర్నాటికి ఖిసా దొరికాడు.

నీ నేల నిలబడింది. కొంచెం కుంగింది, రాళ్ళ సందుల్లోంచి ఎర్రనీళ్ళు కారుతూనే ఉన్నాయి, కానీ నిలబడింది. మా వంటింటి బీట పెరగలేదు. ఖైంజా రోజూ పొద్దున్నే వెళ్ళి నీ రాళ్ళ మీద చెయ్యి వేసి చూసి వస్తోంది.

వమింబికి నువ్వు చెప్పమన్నది చెప్పాను. ఎలా చెప్పానో కూడా చెప్తాను. కల్లు కుండ దగ్గర, నవ్వుతూ, నువ్వేదో పిచ్చివాడివన్నట్టు చెప్పాను. "మీ మకోకి ఇప్పుడు నా నేల కూడా అడుగుతాడా ఏంటి?" అన్నాడు వాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఖిసాని పాతిపెట్టిన రోజు మబోంగా నా దగ్గరికి వచ్చాడు. "పెదనాన్న మన నేల ఎందుకు తీసుకున్నాడు?" అని అడిగాడు. అప్పటిదాకా వాడికి నేను చెప్పింది, పట్నం వెళ్ళినవాడికి ఆశ పుట్టిందని, అడిగాడని, ఇవ్వక తప్పలేదని. కొండకి భయపడి ఇచ్చానని కొడుకుతో చెప్పడం నాకు చేతకాలేదు మకోకీ. వాడు కత్తికి భయపడకుండా నిలబడాల్సిన ఏడు, వాళ్ళ నాన్న మట్టికి భయపడ్డాడని ఎలా చెప్పను? నిన్ను దొంగని చేయడమే తేలికనిపించింది.

ఆ రోజు అంతా చెప్పాను. రేకుముక్క, తడి, ముందు వచ్చే రాళ్ళు, అన్నీ చెప్పాను. వాడు ఏడవలేదు. విరిగిన పార కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఖిసా నాకు మకోకి నాన్నా" అన్నాడు. "ఆ నేల ఇవ్వరా అని నేను అడిగితే ఇచ్చేవాడు. లేదనడానికి ఉండదుగా. ఎందుకని కూడా అడిగేవాడు కాదు. నాకు చెప్పి ఉంటే అడిగేవాణ్ణి."

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి, వాడికి చదివి వినిపిస్తాను.

ఈ ఏడు వాడితో పాటు కత్తికి నిలబడి మకోకీలైన పిల్లలు ఈ కొండ మీద చాలామంది ఉన్నారు. దాదాపు అందరి తండ్రులూ నన్ను చూసే గట్లు కొట్టారు. నిన్నటి నుంచీ మబోంగా వానలో ఇంటింటికీ తిరుగుతున్నాడు. ఒక్కొక్కణ్ణీ బయటికి పిలిచి ఇంటి కింది నేల అడుగుతున్నాడు. ముగ్గురు ఇప్పటికే సామాను సర్దుకుని మేనమామల ఇళ్ళకి వెళ్ళిపోయారు, తిట్టుకుంటూనే. మకోకి మకోకిని ఒక్కసారే అడగగలడని నీకూ తెలుసు. రేపు వాడికి ఏ కష్టమొచ్చినా ఈ కొండ మీద అడగడానికి ఇంకెవరూ మిగలరు. అది వాడికీ చెప్పాను.

"తెలుసు" అని, తలమీద గోనెసంచి కప్పుకుని, తర్వాతి ఇంటికి వెళ్ళాడు.

కులోబా